ఎర్ర దారం కట్టిన రెండు క్యాబేజీలు

పొద్దున్నే మా ఇంట్లో అన్నిటికంటే ముందు వినిపించేది వెనక తలుపు గడియ. మా వదిన తీసేది. తర్వాత ఆవిడ చెప్పుల చప్పుడు, కుళాయి కింద బకెట్ పెట్టిన చప్పుడు. ఆపైన చాలాసేపు ఏ అలికిడీ ఉండేది కాదు. ఆ సేపంతా ఆవిడ మడిలో వంగి క్యాబేజీ ఆకులు ఒక్కొక్కటే తిరగేసి చూస్తూ ఉండేది. ఆకు అడుగున తెల్ల సీతాకోకచిలుక గుడ్లు పెట్టిపోతుంది, సన్నటి పసుపు చుక్కల్లాగా. వాటిని బొటనవేలి గోరుతో గీకేసేది. పురుగు దొరికితే సబ్బునీళ్ళ డబ్బాలో వేసేది. నేను వంటగది కిటికీలోంచి "వదినా, టీ చల్లారిపోతోంది" అని పిలిచేదాన్ని. "వస్తున్నా" అనేది, వచ్చేది కాదు. మళ్ళీ పిలిచేదాన్ని. మూడోసారికి వచ్చి, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేసి, "ఇంత చల్లగా ఇస్తావేం అమ్మాయ్" అనేది. ఇరవై రెండేళ్ళు ఇదే వరస.

ఇప్పుడు గడియ నేను తీస్తున్నాను. మా ఆయన పాల వ్యాను తీసుకుని చీకటితోనే వెళ్ళిపోతారు కాబట్టి ఇంట్లో నేనొక్కదాన్నే. మడి దగ్గర నిలబడతాను. తిరగెయ్యడానికి ఆకులు కూడా పెద్దగా మిగల్లేదు. ఉన్న నాలుగూ తిరగేసి లోపలికొచ్చేసరికి టీ పొయ్యి గట్టు మీద మీగడ కట్టి ఉంటుంది. చల్లారిపోతోందని పిలిచేవాళ్ళు లేరు.

వదినంటే మా ఆయనకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు ఎందుకని అడిగితే, "నన్ను అడిగినవాడు నాకు నచ్చలేదు, నాకు నచ్చినవాడు నన్ను అడగలేదు, ఇద్దరూ బతికిపోయారు" అనేది. పుస్తకాలు కుట్టే షాపులో ఆవిడ పని. అచ్చయి వచ్చిన పెద్ద పెద్ద కాగితాలను మడిచి, మడతలను వరసగా పేర్చి, మైనం రాసిన దారంతో కుట్టాలి. పదహారేళ్ళప్పుడు చేరిందట, ముప్పై ఎనిమిదేళ్ళు చేసింది. వీధిలో అందరూ బైండింగక్క అనేవాళ్ళు. కుడిచేతి చూపుడువేలి పక్కన ఎప్పుడూ సన్నటి గీతలుండేవి, కాగితం అంచు కోసినవి. మడత నొక్కీ నొక్కీ బొటనవేలు కొంచెం వెనక్కి వంగిపోయింది. ఆ వేలితోనే విత్తనాన్ని మట్టిలోకి నొక్కేది. గోరు మునిగితే చాలు, అంతకంటే లోతుకి పోతే గింజకి ఊపిరాడదు అనేది.

షాపులో పాడైన కాగితాలు ఇంటికి తెచ్చేది. ఒకవైపు అచ్చు పడి రెండోవైపు సిరా అలికిపోయినవి, మిషన్లో వంకరగా తెగినవి. వాటిని గాజుగ్లాసు చుట్టూ చుట్టి, అడుగు మడిచి, మైదా జిగురు పెట్టి కప్పులు చేసేది. కప్పుకి రెండు గింజలు. అవి చూడడానికి అచ్చం ఆవగింజలే, కొంచెం ఎర్రగా ఉంటాయంతే. మట్టి పోసి, పైన తడి గోనెపట్టా కప్పి కిటికీ గట్టు మీద పెడితే ఐదో రోజుకి మొలిచేవి. రెండూ మొలిస్తే నీరసంగా ఉన్నదాన్ని కత్తెరతో మొదలంటా కత్తిరించేది. పీకితే రెండోదాని వేరు కదులుతుందట. నాలుగైదు ఆకులొచ్చాక వారం రోజులపాటు రోజూ కాసేపు బయట పెట్టి ఎండ అలవాటు చేసి, అప్పుడు మడిలో నాటేది. కప్పుతో సహా పాతిపెట్టేయడమే. కాగితం మట్టిలో కలిసిపోతుంది.

నేను చదివింది ఐదో తరగతి. కాపురానికొచ్చిన కొత్తలో ఆ కప్పుల మీది అక్షరాలే కూడబలుక్కుని చదివేదాన్ని. ఒక కప్పు మీద లెక్క ఉండేది, జవాబు ఉండేది కాదు. ఇంకో కప్పు మీద ఎవరో ఒకాయన రైలు దిగి, పెట్టె పక్కన పెట్టుకుని, తనకోసం రావాల్సినవాళ్ళ కోసం చూస్తుంటాడు. అక్కడికి కాగితం అయిపోయింది.

"తర్వాత ఏమైంది వదినా?" అని అడిగాను.

"నాకేం తెలుసు? నేను కుట్టేదాన్నే గానీ చదివేదాన్ని కాదు" అంది.

మర్నాడు సాయంత్రం షాపు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "వాడికోసం ఎవరూ రాలేదుట. నడిచే పోయాడుట" అంది. అప్పటికి నేనా సంగతి మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ నోటుపుస్తకం కూడా ఆవిడ కుట్టిందే. కుట్టు ఎక్కడా వదులు లేదు.

మాది ఇరుకు పెరడు. గోడకీ బట్టల తీగకీ మధ్య ఎనిమిది మొక్కలు పడతాయి. అందులో పండేది మామూలు క్యాబేజీ కాదు. షాపులో కటింగ్ మిషన్ దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు, అందరూ తాత అనేవాళ్ళు. పని మానేసే రోజున ఆయన వదిన చేతిలో ఒక కాగితం పొట్లం పెట్టాడు. వాళ్ళ నాన్న కాలం నుంచి వాళ్ళింట్లో వేసుకునే క్యాబేజీ విత్తనాలట. గడ్డ చిన్నదే, నెత్తిన ఎవరో మొట్టినట్టు చదునుగా ఉంటుంది. కానీ ఎంత గట్టిగా ఉంటుందంటే, కత్తి దిగుతుంటే కిర్రుమంటుంది. పచ్చిది కొరికినా తియ్యగా ఉంటుంది. ఆ ఏడాదే తాత పోయాడు. కొడుకులు ఆయన పెరడుని సిమెంటు చేయించేశారు. ఆ రకం ఇక ఏ కొట్లోనూ లేదు. ఆ పొట్లంలో ఉన్నవే ఉన్నవి. క్యాబేజీ గింజకి నాలుగైదేళ్ళకంటే ఆయుష్షు ఉండదు. ఈలోగా మా మడిలోనే మళ్ళీ విత్తనం కట్టించుకోవాలి. వదిన పట్టుదలంతా దాని గురించే.

విత్తనం కావాలంటే గడ్డ కొయ్యకూడదు. చలికాలమంతా దాన్ని అలాగే వదిలెయ్యాలి. చలి తగ్గాక నెత్తిన కత్తితో అడ్డంగా, నిలువుగా రెండు గాట్లు పెడితే లోపల్నుంచి కాడ పొడుచుకొస్తుంది. పసుపు పూలు పూస్తుంది, సన్నటి కాయలు కాస్తుంది, ఎండలు ముదిరేసరికి కాయలు ఎండుతాయి. ఇవన్నీ తాత చెప్పినవే. ఎన్ని మొక్కలు వదలాలో మాత్రం ఆయన చెప్పలేదో, చెప్పినా ఈవిడ వినలేదో.

మేమిద్దరం పొదుపు మనుషులం. ఎనిమిదిలో ఏడు కూరకి, ఒక్కటి విత్తనానికి. అన్నిట్లోకీ మంచిది చూసి వదిన దాని మొదలుకి షాపు నుంచి తెచ్చిన ఎర్ర దారం కట్టేది, కొయ్యొద్దని గుర్తు. మొదటి ఏడు పూసింది, కాసింది. కాయలు విప్పితే గుల్ల. చలి చాలలేదేమో అనుకున్నాం. రెండో ఏడు మళ్ళీ ఒక్కటే వదిలాం, మళ్ళీ గుల్లే. నీళ్ళు ఎక్కువయ్యాయంది ఆవిడ. తక్కువయ్యాయన్నాను నేను. మూడు రోజులు దాని మీదే వాదించుకున్నాం. చివరికి విత్తనాల కొట్టాయన దగ్గరికి వెళ్ళాం.

ఆయన సంగతంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "ఒక్క మొక్కతో ఎలా కడుతుందమ్మా? దాని పుప్పొడి దానికే పట్టదు. పక్కన ఇంకోటి పూస్తుండాలి. రెండేళ్ళు దాన్ని ఒంటరిగా నిలబెట్టి కాయమంటున్నారా?"

వదిన ఇంటికొస్తూ దారిలో, "ముసలాడు ఆ ఒక్క ముక్కా చెప్పి చావొచ్చుగా" అంది. నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. ఎందుకంటే ఆ ఏడు చలికాలంలోనే నేను చెయ్యకూడని పని చేశాను.

ఆ ఏడు రెండింటికి దారం కట్టింది. మిగతా ఆరూ అప్పటికే కూరలకి కోసేశాం. అప్పుడే నేను ఒక గులాబీ అంటు తెచ్చి కుండీలో పెట్టుకున్నాను. అది పది రోజులకే కొమ్మ నల్లబడి ఎండిపోయింది. పక్కింటి టైలరమ్మ గోడ మీదుగా మాట్లాడుతూ, "ఏమైంది మీ గులాబీ?" అంది. నేను జవాబు చెప్పేలోగా వదిన మడిలోంచి తలెత్తకుండానే, "దాని చేతిలో ఏదీ నిలవదులే" అంది.

నాకు రెండుసార్లు కడుపు పోయింది. ఒకసారి నాలుగో నెల, ఒకసారి ఏడో నెల. ఆ రెండుసార్లూ నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది వదినే. పక్కబట్టలు ఉతికింది కూడా ఆవిడే, ఎవరికీ చూపించకుండా. అలాంటి మనిషి నోటి నుంచి ఆ మాట. టైలరమ్మ పళ్ళ మధ్య సూది పెట్టుకుని ఉంది, అది తియ్యలేదు. వదిన వంగినదల్లా అలాగే ఉండిపోయింది. అన్న క్షణమే ఆవిడకి తెలిసిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం నేను లోపలికెళ్ళి గిన్నెలు తోముకున్నాను, తోమినవే మళ్ళీ తోముకున్నాను.

నాలుగు రోజులు ఇద్దరం మామూలుగానే మాట్లాడుకున్నాం. టీ, నీళ్ళు, తాళంచెవి, అంతవరకు. ఐదో రోజు మధ్యాహ్నం మా తమ్ముడూ మరదలూ చెప్పాపెట్టకుండా దిగారు. ఇంట్లో కూరగాయ ముక్క లేదు. వీధి చివర కొట్టు తెరిచే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. నేను కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళాను.

దారం కనిపించలేదని తర్వాత చెప్పాను. కనిపించింది. ఆకుపచ్చ మీద ఎరుపు కనపడకపోవడమేమిటి? ఆవిడ ముడి పుస్తకం కుట్టేవాళ్ళ ముడి, అంత సులువుగా రాదు. గోళ్ళతో విప్పాల్సి వచ్చింది. విప్పినంతసేపూ ఆలోచించుకోవచ్చు. ఆలోచించుకోలేదు. గడ్డ కోశాను. కిర్రుమంది. దారం తెచ్చి గుండీల డబ్బాలో అడుగున పెట్టాను. పారెయ్యడానికి ఎందుకో చెయ్యి రాలేదు.

మా తమ్ముడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. "అక్కా, ఇంత తియ్యటి క్యాబేజీ ఎక్కడ కొంటావు?" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక వదిన షాపు నుంచి వచ్చింది. కంచం ముందు కూర్చుంది. కూర చూసింది. లేచి వెనక తలుపు దాకా వెళ్ళి, గుమ్మంలోంచే చూసి వచ్చి కూర్చుంది.

"దారం లేదు వదినా. ఊడి ఎక్కడో పడిపోయినట్టుంది. నేను చూసుకోలేదు" అన్నాను.

ఆవిడ అన్నం కలుపుకుంది. కంచంలోది అంతా తింది. చెయ్యి కడుక్కుంటూ, "ఉప్పు సరిపోయింది" అంది. అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలనేదాన్ని, ఇద్దరం ఏడ్చేవాళ్ళం, పోయేది. ఆవిడ తిట్టలేదు.

మిగిలిన ఒక్కటీ చలి తగ్గాక పూసింది. అంతా తెలిసీ వదిన దానికి రోజూ నీళ్ళు పోసింది. కాయలు ఎండాక అన్నిటినీ కోసి, కాగితం మీద వేసి అరచేతులతో నలిపింది. మెల్లగా ఊదింది. పొట్టు ఎగిరిపోయింది. కాగితం మిగిలింది. దానిమీద కూడా ఏవో అక్షరాలున్నాయి. ఆరోజు నేను చదవలేదు. మొక్కని వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, ఆ మధ్యాహ్నమే మడంతా తవ్వేసింది. ఏటా ఆఖరి పని అదే. గుల్ల అని తేలగానే ఒక్క పూట కూడా ఉంచేది కాదు.

తర్వాతి ఏడాదికి ఆవిడకి దగ్గు మొదలైంది. కాగితపు దుమ్మనుకున్నాం. పొట్లంలో పదకొండు గింజలు మిగిలాయి, వాటికి అప్పటికే నాలుగేళ్ళు నిండాయి. "ఈసారి అన్నీ వేసేద్దాం. దాచి ఏం చేస్తాం?" అంది వదిన. ఈసారి కట్టకపోతే తాత క్యాబేజీ ఇక ఉండదని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. కప్పులు చుట్టడానికి ఊపిరందక, మధ్యమధ్యలో గోడకి చేరగిలబడి చుట్టింది. గింజలు నొక్కిన నాలుగో రోజున ఆస్పత్రిలో చేర్చాం. అవి మొలవడం ఆవిడ చూడలేదు.

పదకొండింట్లో నాలుగు మొలిచాయి. ఒకదాన్ని మొదటి వారంలోనే నత్త కొరికేసింది. మూడు మిగిలాయి.

ఆస్పత్రికి రోజూ మధ్యాహ్నం వెళ్ళేదాన్ని. ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని పెద్ద డాక్టరు మా ఆయనతో చెప్పారు. ఆయన నాతో చెప్పారు. వదినతో ఎవరం చెప్పలేదు. ఒకరోజు మొలకల కప్పుల్లో ఒకదాన్ని టిఫిన్ డబ్బాలో నిలబెట్టి, మూత వెయ్యకుండా, కొంగు కప్పి తీసుకెళ్ళాను. వార్డులో ఆవిడ మంచం కిటికీ పక్కన. కొంగు తీసేసరికి నర్సు చూడనే చూసింది.

"ఏంటమ్మా అది? మట్టి లోపలికి తేకూడదు. ఇది వార్డనుకున్నారా, పొలమనుకున్నారా?"

"ఐదు నిమిషాలమ్మా. చూపించి తీసుకెళ్ళిపోతాను."

"బైండింగక్క బంధువా?" అంది నర్సు. అప్పటికే వార్డంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తోంది. ఊడిపోతున్న మందుల రిజిస్టరుని ఆవిడ మంచం మీద కూర్చునే కుట్టిచ్చిందట. "సరే, పెద్ద డాక్టరు వచ్చేలోగా తీసెయ్యండి. నేను చూడలేదు."

వదిన కప్పుని రెండు చేతులతో పట్టుకుంది. మొక్కకి మూడు ఆకులున్నాయి, నీలం తిరిగిన ఆకుపచ్చ. ముందు ఆకు తిరగేసి అడుగు చూసింది. తర్వాత కప్పుని గుండ్రంగా తిప్పుతూ దానిమీది అచ్చు చదవబోయింది గానీ, చూపు నిలవక నాకిచ్చింది. "చదువు" అంది. వంటసోడా వాడకం గురించి ఏదో ఉంది. చదివాను. "ఇదేం బాగాలేదు" అంది.

కాసేపటికి కిటికీ వైపు తిరిగి, "ఆ మాట నేను గులాబీ గురించే అన్నాను అమ్మాయ్" అంది.

ఏ మాటని నేను అడగలేదు. "తెలుసు వదినా" అన్నాను.

"నోటి నుంచి వచ్చాక వినిపించింది. అప్పటికి అయిపోయింది."

నేను కప్పులో మట్టి సర్దుతున్నాను. సర్దడానికేం లేదు.

"దారం గుండీల డబ్బాలో ఉంది" అంది. "జాకెట్టు గుండీ ఊడితే ఆ రాత్రే వెతికాను. అడుగున ఉంది, చుట్ట చుట్టి. నా ముడి దానంతటది ఊడదు కదా."

ఏడాదిగా ఆవిడకి తెలుసు. ఆ ఏడాదంతా రోజూ నా చేతి టీ తాగింది.

"ఎందుకడగలేదు వదినా?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావు. చెప్పేస్తే నేను కూడా ఆ మాట సంగతి ఎత్తాలి" అంది. దగ్గొచ్చింది. తగ్గేదాకా వీపు రాశాను. తగ్గాక, "గడ్డ కట్టాక మంచివి రెండు చూసి దారం కట్టు. నీ చేత్తోనే కట్టు" అంది.

"నా చేత్తోనా?"

"మరి నర్సమ్మని మన పెరట్లోకి రమ్మంటావా?"

దగ్గుతో కలిసిపోయిన ఆ నవ్వు విని నర్సు దూరం నుంచే, "డాక్టరుగారు మెట్లెక్కుతున్నారమ్మా" అంది. నేను కప్పు మీద కొంగు కప్పుకున్నాను.

మూడింటినీ మడిలో నాటాను. మొదటి ఆకుల దాకా మట్టి ఎగదోసి, పాదం పక్కతో అదిమాను, ఆవిడ చేసినట్టే. రోజూ పొద్దున్న ఆకులు తిరగేసి, ఎన్ని గుడ్లు గీకానో, ఎన్ని పురుగులు దొరికాయో మధ్యాహ్నం వెళ్ళి చెప్పేదాన్ని. "పన్నెండా? నీకు కళ్ళు సరిగ్గా కనపడటంలేదు, ఇరవై ఉంటాయి" అనేది. మర్నాడు చూస్తే నిజంగానే ఇంకో ఎనిమిది ఉండేవి. ఒక మొక్క గడ్డ కట్టలేదు, ఆకులు విప్పుకునే ఉండిపోయింది. రెండు కట్టాయి. చలి మొదలైన వారంలో నడినెత్తిన చెయ్యి పెట్టి నొక్కితే గట్టిగా తగిలాయి. గుండీల డబ్బాలోని పాత దారమే రెండు ముక్కలు చేసి రెండింటికీ కట్టాను. నా ముడి మామూలు ముడే. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళేసరికి ఆవిడకి ముక్కుకి గొట్టం పెట్టారు. చెవి దగ్గర వంగి, "కట్టాను వదినా, రెండింటికీ" అన్నాను. వేలు కదిపింది. ఆ వంగిన బొటనవేలే. మూడో రోజు పోయింది.

అందరూ వచ్చారు, వెళ్ళారు. షాపువాళ్ళు ఆవిడ సూది, మడతలు నొక్కే చెక్క, మైనం ముద్ద ఒక సంచిలో వేసి తెచ్చిచ్చారు. అవి అలమరలో ఉన్నాయి. మా ఆయన అక్క గురించి మాట్లాడరు. వ్యాను కడిగిందే కడుగుతూ ఉంటారు.

చలి మధ్యలో వానలు పట్టుకున్నాయి, ఐదు రోజులు ఆగకుండా. ఇంట్లో కూర్చోలేకపోయాను. వదిన పాత వానకోటు తీసుకెళ్ళి రెండు గడ్డల మీదా కప్పి, గాలికి ఎగరకుండా చుట్టూ ఇటుకలు పెట్టాను. వాన తగ్గినా భయంతో ఇంకో మూడు రోజులు తియ్యలేదు. తీసి చూస్తే ఇటువైపుది బాగానే ఉంది. కోటు చెయ్యి ముడుచుకుని నీళ్ళు నిలిచినచోట, అటువైపుది నెత్తిన నల్లగా మెత్తబడింది. పైఆకులు ఒలిచాను. లోపల ఇంకా మెత్తగా ఉంది. ఒలుస్తూ పోయాను. చివరికి చేతిలో ఏమీ లేదు, వాసన తప్ప. వానకి వదిలేసి ఉంటే నీళ్ళు జారిపోయేవి, బతికేది. ఎక్కువ చేశాను.

చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ వాసన రెండు రోజులు పోలేదు. ఆవిడ గులాబీ గురించే అంది. నాకు తెలుసు. అయినా అప్పుడు వినిపించింది ఆ మాటే.

గడ్డ కట్టని మొక్కైనా పూస్తుందేమో, తోడవుతుందేమో అని చూశాను. అది వానల తర్వాత వేరు దగ్గర నుంచే పడిపోయింది. విత్తనాల కొట్టాయన్ని కనుక్కుంటే, తోడుగా ఇంకో రకం క్యాబేజీ పెడితే గింజ కడుతుందన్నాడు. "కానీ అది మీ రకం కాదమ్మా, కలిసిపోతుంది" అన్నాడు. "ఒక్కదానికే కట్టదా?" అన్నాను. "ఎక్కడో ఒక గింజ కడితే కట్టొచ్చు. చెప్పలేం" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి నవ్వలేదు. వదిన లేదని ఎవరో చెప్పినట్టున్నారు.

చలి తగ్గాక మిగిలిన ఒక్కదానికి నెత్తిన రెండు గాట్లు పెట్టాను. కాడ పొడుచుకొచ్చింది. నా గుండె దాకా పెరిగింది. బట్టల తీగకి కట్టాను, ఒరిగిపోకుండా. నెల రోజులు పసుపు పూలు పూసింది. ఆరేసిన బట్టల మీదంతా రేకలు. తేనెటీగలు వచ్చేవి. అవి ఎక్కడెక్కడో తిరిగి వచ్చేవే, ఇక్కడ ఒక్క చెట్టు మీదే తిరిగి తిరిగి పోయేవి. పూలు రాలాయి, కాయలు వచ్చాయి. సన్నగా, పల్చగా, లెక్కలేనన్ని. వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే లోపల గింజ తగలాలి. కిందివీ నొక్కాను, మీదివీ నొక్కాను. రోజుకి కొన్ని చొప్పున అన్నీ నొక్కాను.

ఆకులు పండిపోయి రాలుతున్నాయి. మొదలు చెక్కలా అయింది. టైలరమ్మ గోడ మీదుగా రెండుసార్లు చెప్పింది. "ఆ ఎండుపుల్లని ఇంకా ఎన్నాళ్ళు ఊరేగిస్తావమ్మా? అందరి మళ్ళూ తవ్వేశారు, నీదొక్కటే దిష్టిబొమ్మలా ఉంది." మూడోసారి ఏదో అనబోయి, నా ముఖం చూసి, "సరేలే, దానివల్ల నాకేం పోయింది" అని లోపలికి వెళ్ళింది.

నిన్న మా ఆయన బెండ విత్తనాల పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఈ రోజు సెలవు. పొద్దున్నే పలుగు తీసుకొచ్చి పెరటిగోడకి ఆనించి, మడి వైపు చూస్తూ నిలబడ్డారు.

"కాయల్లో ఏమైనా ఉందా?" అన్నారు.

"లేదు" అన్నాను.

"అన్నీ చూశావా?"

"చూశాను."

"అక్క ఉంటే ఈపాటికి పీకేసి తవ్వేసేది" అన్నారు. పోయిన తర్వాత ఆయన నోటి నుంచి అక్క అన్న మాట రావడం అదే మొదటిసారి. "నన్ను తవ్వమంటావా?"

"నేను చేస్తాలెండి" అన్నాను. ఏటా ఆవిడ చేసిన పని, ఇప్పుడు నాది. ఆయన వ్యాను దగ్గరికి వెళ్ళిపోయారు.

దారం విప్పాలి. మొక్క పీకాలి. మట్టి దులపాలి. మడంతా తవ్వి, రెండు రోజులు ఎండ తగలనిచ్చి, బెండ వెయ్యాలి. బెండ కుండీల్లోనైనా వస్తుంది. పలుగు చేతిలోకి తీసుకున్నాను. ఆ ఒక్క కాడకి కింద ఆకులు ఇంకా రెండున్నాయి, తిరగేసి చూశాను. గుడ్లు లేవు. ఎర్ర దారం వానలకీ ఎండకీ వెలిసి ఇటుక రంగుకి వచ్చింది. మొదలు లావెక్కి ముడి బిగుసుకుపోయింది. నా ముడే, ఆవిడ ముడంత గట్టిగా ఉంది.

పలుగు తీసుకెళ్ళి తలుపు వెనక పెట్టేశాను. మడి తవ్వలేదు. దారం విప్పలేదు.